ఊరి రుణం తీరాలంటే బాండా, మాటా? ఏది మేలు?

పేదింటి పిల్లలను స్కాలర్‌షిప్పిచ్చి యూనివర్సిటీకి పంపేవాళ్లందరిదీ ఒకటే భయం: ఏరు దాటాక తెప్ప తగలేస్తారేమోనని. ఆఫ్రికాలో దీనికి రెండు విరుగుళ్లు కనిపిస్తాయి. చదువయ్యాక తిరిగొచ్చి పనిచేస్తామని ముందే బాండ్ మీద సంతకం పెట్టించుకోవడం ఒకటి, మాట మీద నమ్మి వదిలేయడం ఇంకొకటి.

నమ్మి వదిలేసేవాటిలో పెద్దది మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ స్కాలర్స్ ప్రోగ్రామ్. 2012లో మొదలైంది. ఘనాలో అషేసీ, ఉగాండాలో మకెరెరే, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ మొదలుకొని ఎడిన్‌బరో దాకా యూనివర్సిటీల ద్వారా నడుస్తోంది. ఫీజు, బస, పుస్తకాలు, చేతిఖర్చు అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఎంపికప్పుడు మార్కులతో పాటు, తన చుట్టూ ఉన్నవాళ్ల కోసం ఇప్పటిదాకా ఏం చేశావని కూడా అడుగుతారు. చదువయ్యాక ఫలానా ఊళ్లో ఇన్నేళ్లు పనిచేయాలన్న లెక్క మాత్రం ఉండదు.

సంతకం పెట్టించుకునే దారికి నాకు నచ్చిన ఉదాహరణ ఇంగ్వావుమా. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్ ఉత్తరపు కొసన, సరిహద్దు దగ్గర ఉంటుంది. అక్కడి మోస్‌వోల్డ్ ఆసుపత్రికి డాక్టర్లు వచ్చేవాళ్లు కాదు, వచ్చినా నిలిచేవాళ్లు కాదు. బయటివాళ్లను బతిమాలే బదులు ఈ ఊరి పిల్లలనే చదివిద్దామని 1999లో ఒక పథకం పెట్టారు. తర్వాత అదే ఉంథోంబో ఫౌండేషన్ అయింది. దరఖాస్తు చేసేవాళ్లు ముందు ఆసుపత్రిలో కొన్నాళ్లు జీతం లేకుండా పనిచేసి చూడాలి. ఇంటర్వ్యూలో స్థానికులూ కూర్చుంటారు. సెలవుల్లో వచ్చి అదే ఆసుపత్రిలో పని నేర్చుకోవాలి. ఎన్నేళ్లు డబ్బిస్తే అన్నేళ్లు తిరిగొచ్చి పనిచేయాలి.

ఇది నిలబడింది బాండ్ బలంతోనే అనుకుంటే పొరపాటు. చదువు పూర్తయ్యేసరికి ఆ వార్డులు, ఆ నర్సులు, ఆ రోగుల భాష అన్నీ ఆ పిల్లలకు తెలిసినవే. పల్లెల్లో వైద్యులు నిలవాలంటే పల్లె పిల్లలనే చేర్చుకోండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సలహా ఇచ్చేనాటికి ఇంగ్వావుమాలో ఆ పని పదేళ్లుగా సాగుతోంది.

బాండ్‌తో అసలు చిక్కు వేరే ఉంది. అది కట్టేసేది ఒక్కవైపే. పనిచేస్తానని విద్యార్థి రాసిస్తాడు, పోస్టు ఇవ్వాల్సింది ప్రభుత్వం. 2024లో దక్షిణాఫ్రికాలో జీతాలకు బడ్జెట్ లేక, చదువు పూర్తయిన డాక్టర్లే వందలమంది ఖాళీగా ఉన్నారు. టీచర్ల కోసం 2007లో పెట్టిన ఫుంజా లుషాకా అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో కూడా డబ్బిచ్చిన ఏడాదికి ఏడాది సర్వీసు చేయాలి, చేయకపోతే ఆ డబ్బు అప్పుగా మారుతుంది. మన మెడికల్ పీజీల బాండ్ గొడవలు తెలిసినవాళ్లకు ఇదంతా కొత్తేమీ కాదు.

అలాగని వట్టి మాట సులువా? ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చినవాళ్ల జీతం తమ్ముళ్ల ఫీజులకు, ఇంటి కప్పుకు పోతుంది. దక్షిణాఫ్రికాలో దాన్ని బ్లాక్ టాక్స్ (నల్లజాతివాళ్ల పన్ను) అంటారు. అదీ ఊరికి తిరిగివ్వడమేనని నా అభిప్రాయం. ఏ దరఖాస్తులోనూ దానికి గడి ఉండదు, అంతే.

డాక్టరో, నర్సో, టీచరో కావాలని తేల్చుకున్న పిల్లలకు నేనైతే ఇంగ్వావుమా తరహా బాండే మేలంటాను. వ్యవసాయం, కంప్యూటర్లు, వ్యాపారం వైపు వెళ్లేవాళ్లకు బాండ్ వద్దు. వాళ్లు చేయబోయే పనికి ఇంకా పోస్టే పుట్టి ఉండదు. బాండ్ మీద సంతకం పెట్టేవాళ్లు మాత్రం ముందే ఒకటి అడిగి రాయించుకోవాలి: పోస్టు ఇవ్వకపోతే ఎన్ని నెలలకు నాకు విడుదల?