షిర్డీ - ఎల్లోరా బస్ ప్యాకేజీ తీస్కునేటోళ్ళు జర ఆగుండ్రి

పేరు రాస్తలేను, రాయాల్సిన అవసరం గూడ లేదు. మన కాలనీ వాట్సాప్ గ్రూపులల్ల వారం వారం పడే ఆ పసుపు పోస్టర్ ఉంటది చూడుండ్రి, మీద బాబా, కింద పెద్దగ కైలాస గుడి ఫోటో, వాళ్ళే. ఆదివారం రాత్రి ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాక ఎక్కిచ్చుకుంటరు, సోమవారం షిర్డీ, మంగళవారం ఘృష్ణేశ్వరం శివుడి గుడి, ఎల్లోరా గుహలు, బుధవారం పొద్దుగాల ఇంట్ల. ఇప్పుడే దిగొచ్చిన, బ్యాగు గూడ ఇప్పలే, ముందు ఇది రాయాలె.

షిర్డీల దర్శనం మంచిగనే అయింది, దాని గురించి చెప్పేదేం లేదు. బస్సు గూడ ఓకే. ఘృష్ణేశ్వరంల మొగోళ్ళు అంగీ తీసి గర్భగుడిలకు పోవాలె, ఆ ముచ్చట ఎవ్వడు చెప్పలే, మా తమ్ముడు లైన్ల సగం దాక పోయినంక అంగీ ఇప్పి నా చేతిల పెట్టిండు. సరే, అది చిన్న విషయం. అమ్మ ఇంటికెళ్ళి తెచ్చిన మారేడు ఆకులు స్వామికి ఏసింది, ఆడిదాక అందరం ఖుషీగనే ఉన్నం.

కని అమ్మ వచ్చింది షిర్డీ కోసం కాదు, ఇంతకుముందే పోయొచ్చింది అక్కడికి. ఆమెకు ఎల్లోరాల కైలాసం చూడాలె. కొండను మీదికెళ్ళి కిందికి చెక్కుకుంట వచ్చిండ్రని, ముందు శిఖరం, ఆఖరికి పునాది అని టీవీల ఎవరో ప్రవచనంల చెప్తే విన్నదట, అప్పటిసంది ఇంట్ల అదే పాట. నిజమే గద మరి, ఎనిమిదో శతాబ్దంల రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలం నాటి పని, దాదాపు 100 అడుగుల లోతుకు కొండను తొలుచుకుంట పోయిండ్రు, ఒక రాయి మీద ఇంకో రాయి పెట్టి కట్టింది కాదు. ఎల్లోరాల జనం చూడనీకి తెరిచినయి 34 గుహలు, అందుల ఇది 16వది. రావణాసురుడు కైలాసాన్ని లేపే బొమ్మ ముంగట నిలబడాలె అని అమ్మ మోకాలికి బెల్టు కొనుక్కున్నది, పొద్దుగాల పార్కుల నడక గూడ మొదలువెట్టింది.

ఘృష్ణేశ్వరం కాడికెళ్ళి ఎల్లోరా కిలోమీటర్ ఉంటది అంతే. బస్సు పోయి ఆగింది. పార్కింగ్ మొత్తం ఖాళీ, గేటు బంద్. నేనేమో ఎండకు జనం రాలేదేమో అనుకున్న. టూర్ మేనేజర్ అనేటోడు మైకు పట్టుకొని ఎంత చల్లగ చెప్పిండనుకున్నరు, "ఇయ్యాల మంగళవారం గద, ఏఎస్ఐ, అదే పురావస్తు శాఖ వాళ్ళు, బంద్ పెడ్తరు, మా చేతుల ఏముంది చెప్పుండ్రి. గేటు ముంగట గ్రూప్ ఫోటో దిగుదాం రండి" అని.

ఎల్లోరా ప్రతి మంగళవారం బంద్ ఉంటది. ఇయ్యాల కొత్తగ పెట్టింది కాదు. వీళ్ళ ప్యాకేజీ ఏమో ప్రతి వారం మంగళవారమే ఆడ ఉంటది! నేను గట్టిగ అడుగుతుంటే డ్రైవరన్న పక్కకు జరిగి మెల్లగ అన్నడు, "ప్రతి ట్రిప్పుకు గిదే లొల్లి అక్కా, నేను చెప్తనే ఉన్న వీళ్ళకు." అంటే తెల్వక కాదన్నట్టు. షిర్డీల గురువారం, శని ఆదివారాలు రష్, రూములు పిరం, సోమవారం అయితే అగ్గువ. ఆ మిగిలే పైసల కోసం అమ్మ కైలాసం బలి.

అప్పుడు అమ్మ ఆ మేనేజర్ దగ్గరికి పోయి "బాబూ, రేపు పొద్దుగాల తెరుస్తరు గద, ఒక్క పూట ఉండెటట్టు లేదా" అని అడిగింది. వాడు నవ్వుకుంట, "లోపట ఉన్నయి గూడ రాళ్ళే గదమ్మా. యూట్యూబ్ల మస్తు వీడియోలున్నయ్, ఇంట్ల కూసొని చూస్కో, మోకాళ్ళు గూడ నొయ్యయ్" అన్నడు. డెబ్బై ఏండ్ల మనిషితోని! ఎన్క సీట్ల ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు గూడ, వాళ్ళకు ఫోటో పిచ్చి, దిగిపోయిండ్రు గేటు కాడికి. అమ్మ ఏమో తిరిగి నన్నే సముదాయిస్తుంది, పోనియ్ బిడ్డా, పది మందిల లొల్లి ఎందుకు అని. దాంతోని ఇంక మండింది నాకు.

ఎల్లోరాకు పెట్టిన టైంల ఎక్కడికి తీస్కపోయిండో తెల్సా, పైఠణీ చీరల షోరూంకు. ఆడ మంగళవారం బంద్ లేదు మరి, కమీషన్ దేవుడికి రోజూ దర్శనమే. గుహల టికెట్ మనిషికి 40 రూపాయలు, అది గూడ ప్యాకేజీలనే కలిపి తీస్కున్నడు. వాపస్ ఇయ్యమంటే "నలభై రూపాయలకు ఇంత లొల్లా మేడం" అని నన్నే పిసినారిని చేసిండు. బస్సు నిండ మనుషులు, వారం వారం బస్సు, లెక్కేస్కోండి మీరే.

ఇంటికొచ్చి గ్రూపుల రాసిన, అర నిమిషంల నన్ను రిమూవ్ చేసిండ్రు. వాళ్ళ స్టేటస్ల మాత్రం ఆ గేటు ఫోటో ఉంది, "ఎల్లోరా దర్శనం కంప్లీటెడ్, హ్యాపీ కస్టమర్స్" అని. బస్సు అద్దంల అమ్మ గూడ కనిపిస్తుంది అందుల, ఎంత హ్యాపీగ ఉందో.

నా తెలివికి దండ ఏయాలె. సాఫ్ట్‌వేర్ల టెస్టింగ్ చేస్త నేను, పొద్దంత మంది తప్పులు పట్టుడే నా పని, ఎల్లోరా ఏ రోజు బంద్ అని ఒక్కసారి ఫోన్ల కొట్టి చూడలే. పైసలు గూడ ఎవరిదో సొంత నంబర్‌కు యూపీఐ కొట్టిన, బిల్లు లేదు, కాయితం లేదు.

పొయ్యేటోళ్ళకు, ఎల్లోరా మంగళవారం బంద్, అజంతా సోమవారం బంద్, ముంబై దిక్కు పోతే ఎలిఫెంటా గూడ సోమవారమే బంద్. ప్యాకేజీల ఏ రోజు ఎక్కడ అనేది రాయించుకొని, బిల్లు తీస్కున్నంకనే పైసలియ్యుండ్రి. నేను 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు కంప్లైంట్ పెడ్తున్న, ఆ బస్సుల వచ్చినోళ్ళు ఎవరన్న ఇది చదువుతే మీరు గూడ పెట్టుండ్రి, చాట్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చెయ్యకుండ్రి. రిఫండ్ వచ్చిందా అని మాత్రం అడగొద్దు, వస్తే నేనే ఈడ రాస్త.