పదిమందికి పంచే సలాడ్‌: పెరుగు మేలా, పల్లీ-నిమ్మ మేలా?

మా బడిలో మధ్యాహ్నం ఎనిమిది మందిమి ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటాం. కూరలు ఎవరివి వారివే, బుధవారం సలాడ్ మాత్రం నా వంతు. నల్లగొండలో ఉదయం ఏడున్నరకు తరిగింది బస్సెక్కి, స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని, ఒంటిగంటకు అందరి కంచాల్లోకి చేరాలి. అందుకే ముక్కల్లో కలిపే డ్రెస్సింగ్ దేనితో చేయాలన్నది నాకు రుచితోనే తేలే విషయం కాదు. ఎండనూ ప్రయాణాన్నీ కూడా చూసుకోవాలి.

మొదట పెరుగుతోనే చేసేదాన్ని. గట్టి పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి గంటసేపు వేలాడదీసి, వేయించిన జీలకర్ర పొడి, మిరియాలు, సన్నగా తరిగిన పుదీనా కలిపితే చాలా బాగుంటుంది. ఇంట్లో, అప్పటికప్పుడు తినేటట్టయితే ఇప్పటికీ నా ఓటు దానికే. జొన్నరొట్టె పక్కన పెట్టుకుంటే మరో కూర అక్కర్లేదు. కానీ ఏప్రిల్‌లో మా వైపు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఒకసారి ముక్కల్లో పెరుగు కలిపే తీసుకెళ్లాను. మూత తీసేసరికి పైన పచ్చని నీళ్లు, అడుగున విరిగిన పెరుగు, నోట్లో పెట్టుకుంటే పులుపు. ఆ రోజు ఎవరూ ఒక్క మాట అనలేదు, గిన్నె మాత్రం నిండుగానే ఇంటికి వచ్చింది. చాలా బాధపడ్డాను.

పెరుగును విడిగా తీసుకెళ్లినా పులుపు ఆగదు. వేడికి అది పులుస్తూనే ఉంటుంది.

పల్లీ-నిమ్మ డ్రెస్సింగ్‌కు ఆ చిక్కు లేదు. పైగా రెండూ మన నేల పంటలే. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లీ ఉంది, నకిరేకల్‌లో నిమ్మకాయల మార్కెట్టే ఉంది. ఎనిమిది మందికి నేను చేసే కొలత ఇది: గుప్పెడు పల్లీలు దోరగా వేయించి పొట్టు తీసి, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక పచ్చిమిర్చి, అర చెంచా జీలకర్ర, చిన్న బెల్లం ముక్కతో మెత్తగా నూరాలి. అందులో నాలుగు చెంచాల గానుగ పల్లీనూనె కొద్దికొద్దిగా పోస్తూ గిలకొట్టాలి. నూనె, పులుపు మామూలుగా దేనికది విడిపోతాయి. పల్లీ ముద్ద వాటిని పట్టి ఉంచుతుంది, అందుకే ఇది చిక్కగా ప్రతి ముక్కకూ అంటుకుంటుంది. దీన్ని చిన్న సీసాలో పోసి, రెండు నిమ్మకాయలు కోయకుండా సంచిలో వేసుకుంటాను. తినే ముందు పిండుకుంటేనే ఆ వాసన నిలుస్తుంది. మరీ గట్టిగా పిండితే తొక్క చేదు దిగుతుంది, జాగ్రత్త. మధ్యాహ్నానికి ముద్ద బిగుసుకుంటే రెండు చెంచాల నీళ్లు చాలు.

మయొనైజ్ సంగతి కూడా కొందరు అడుగుతారు. పచ్చిగుడ్లతో చేసే మయొనైజ్‌ను 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. పచ్చిగుడ్డుతో చేసినదాన్ని ఎండలో ఐదు గంటలు మోసుకెళ్లి నలుగురికీ వడ్డించే ధైర్యం నాకు లేదు. అందుకే దాన్ని పోలికలోకే తీసుకోను.

డ్రెస్సింగ్ ఏదైనా తరగడంలో తేడా వస్తే అంతా పోతుంది. కీరదోసను ముందు కొసన కొరికి చేదు చూడండి. నిలువునా చీల్చి, నడుమ ఉన్న గింజల గుజ్జును చెంచాతో ఒక్క లాగు లాగితే నీరు కొంత అక్కడే పోతుంది. టమాటకూ అంతే. తర్వాత కీర, క్యారట్, ఉల్లిపాయ, క్యాబేజీ అన్నీ శనగగింజంత ముక్కలు. ఇలా తరిగితేనే ఒక్క చెంచాలో అన్నీ వస్తాయి, గిన్నె చేతులు మారేకొద్దీ చివరివారికి ఉత్త ఉల్లిపాయే మిగలదు. చివర్లో మొలకెత్తిన పెసలు ఒక గిన్నెడు. ఉప్పు మాత్రం ఇంటి దగ్గర వేయకూడదు. వేశామా, ముక్కల్లోని నీటిని బయటకు లాగేస్తుంది.

పల్లీకి ఉన్న పెద్ద లోపం ఒకటే, అది కొందరికి పడదు. కొందరికి ప్రాణం మీదికి కూడా రావచ్చు. కొత్తవారు బల్ల దగ్గరకు వస్తే అడిగిన తర్వాతే సీసా తెరుస్తాను. వెల్లుల్లి, ఉల్లి తినని రోజులు పాటించేవారూ ఉంటారు. వారికోసం ముక్కలు కొన్ని ముందే విడిగా తీసి, నిమ్మరసం, ఉప్పు, మిరియాలతో కలిపి ఇస్తాను. మా బడిలో ఒక మేడంకు అలాగే కావాలి.

కాబట్టి ఇంట్లో నలుగురికైతే పెరుగు, ప్రయాణం చేసి పదిమంది ముందుకు వెళ్లాలంటే పల్లీ-నిమ్మ. చలికాలం పొద్దుల్లో మళ్లీ పెరుగుతో ప్రయత్నిద్దామా అనిపిస్తుంది. కానీ గత బుధవారం గిన్నె అడుగున మిగిలిన పల్లీ ముద్దను మా సార్ ఒకరు రొట్టెముక్కతో తుడిచి తిన్నారు. వచ్చే వారానికి పల్లీలు ఇప్పటికే వేయించి డబ్బాలో పెట్టాను.