స్కైవాకా? ఎత్తు జీబ్రా క్రాసింగా?

మా అమ్మ బెంగళూరు మారతహళ్ళిలో రోడ్డు దాటాలంటే నాకు టెన్షన్. ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట, బళ్ళు ఆగకుండా దూసుకుపోయే దారిలో, రోడ్డు పైనుంచి నడిచి దాటే వంతెన, అంటే స్కైవాకే నయం. కానీ లిఫ్ట్ పనిచేయాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అన్ని మెట్లు ఎక్కలేక డివైడర్ సందులోంచే దూరతారు.

కాలనీ రోడ్లలో, బడి ముందు మాత్రం ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టిన జీబ్రా క్రాసింగే మేలంటాను. అక్కడ మనిషి మెట్లెక్కక్కర్లేదు, బండే నెమ్మదించాలి. వేగం గంటకు 50 కిలోమీటర్ల నుంచి 30కి తగ్గితే ఢీకొట్టే శక్తి దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. సగటు వేగం 1 శాతం పెరిగినా ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఖర్చూ తక్కువే. తెల్లగీతలు, రాత్రి వెలుతురు మాత్రం తప్పనిసరి. లేకపోతే బైకులవాళ్ళు పడతారు.