అగత్తి నుంచి పోర్ట్ బ్లెయిర్: ఫోన్‌లో మూడు గంటలు, మాకు ఇరవై రెండు

"మేడమ్, మూడు గంటలు కూడా పట్టదు, పొద్దుగూకకముందే అండమాన్ల ఉంటరు" అన్నాడు లక్షద్వీప్‌లోని అగత్తి నుంచి అండమాన్‌కు హిమాయత్‌నగర్‌లో మా టికెట్లు చేసిన ట్రావెల్స్ ఆయన. ఫోన్‌లో చూపించాడు కూడా: 2,245 కిలోమీటర్లు, 2 గంటల 50 నిమిషాలు. నమ్మాం.

అది మ్యాపు మీద గీత గీసి, జెట్ వేగంతో భాగించిన లెక్క. అగత్తి రన్‌వే సుమారు 1,200 మీటర్లే. పెద్ద జెట్లు దిగలేవు, పంఖాల ఏటీఆర్ విమానాలే వస్తాయి. అవి గంటకు 500 కిలోమీటర్లు పోతే ఎక్కువ. పైగా ఈ రెండు దీవుల మధ్య నేరుగా విమానమే లేదు. మేం కొచ్చికి వెనక్కి రావాల్సి వచ్చింది, అక్కడి నుంచి చెన్నై, ఆ తర్వాతే పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం).

అగత్తిలో మూడు రోజులు హాయిగా గడిచాయి. హోమ్‌స్టేలో పెట్టిన ట్యూనా కూర, కొబ్బరన్నం అత్తమ్మ రెండుసార్లు అడిగి వేయించుకుంది.

బయల్దేరిన రోజు పది గంటలకే ఎయిర్‌పోర్టుకు పోయాం. 12.10 విమానం 1.40కి లేచింది. కొచ్చిలో దిగి సామాను తీసుకునేసరికి చెన్నై విమానం కౌంటర్ మూసేశారు. మా ఆయన బతిమాలాడు. కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండానే "వేరే పీఎన్ఆర్ సార్, మాకు సంబంధం లేదు" అంది. రెండు టికెట్లూ విడివిడిగా కొన్నది ట్రావెల్స్ ఆయన, మునిగింది మేము. ముగ్గురివి 13,950 పోయాయి, రాత్రి విమానానికి మళ్లీ 18,600 కట్టాం.

చెన్నైలో ఎయిర్‌పోర్టు దగ్గర లాడ్జి, ఐదు గంటలకు 2,800. దుప్పటి మీద ఎవరివో వెంట్రుకలు, బాత్రూంలో నీళ్లు సన్నటి ధార. అత్తమ్మ కాళ్లు వాచిపోయాయి. మంచం మీద కూర్చుని "సముద్రం చూస్తందుకు వచ్చినమా బిడ్డా, కుర్చీలల్ల కూసుంటందుకు వచ్చినమా?" అంది. మా ఆయన ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. ప్లాన్ నాదే మరి.

మర్నాడు పొద్దున 7.50కి దిగాం. దాదాపు ఇరవై రెండు గంటలు!

రెండు దీవులూ ఒకే ట్రిప్పులో పెట్టుకోవద్దు. శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానం ఉంది, రెండున్నర గంటలలోపే చేరుస్తుంది. అగత్తికి వేరేగా, లక్షద్వీప్‌లోకి వెళ్లే పర్మిట్ చేతికొచ్చాకే పోండి. తిరిగొచ్చేటప్పుడు కొచ్చిలో ఒక రాత్రి ఆగండి, లేదా అన్నీ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలని గట్టిగా అడగండి.

ఇంకో సంగతి. గడియారం ఒకటే అయినా పొద్దు ఒకటి కాదు. జనవరిలో అగత్తిలో ఆరున్నర దాకా ఒడ్డున వెలుతురులో కూర్చున్నాం. పోర్ట్ బ్లెయిర్‌లో అలసి పడుకున్న అత్తమ్మ సాయంత్రం ఐదున్నరకు లేచి, సెల్యులర్ జైలుకు పోదామని చీర మార్చుకుంది. బయట అప్పటికే చీకటి పడుతోంది.