పెట్రోలు స్విఫ్ట్‌లో ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-30: కొన్నేళ్లు వాడిన మీదట

విజయవాడలో తిరిగే మా బీఎస్4 పెట్రోలు స్విఫ్ట్‌లో మొదట సర్వీస్ సెంటరువారు పోసిన మామూలు ఇంజన్ ఆయిల్‌నే వాడాను. వారంటీ ముగిసినప్పటి నుంచి ఏపీఐ ఎస్‌పీ ప్రమాణం (డబ్బా మీద రాసి ఉండే నాణ్యతా శ్రేణి) గల ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-30 పోయిస్తున్నాను. 5డబ్ల్యూ-30 అన్నది ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే గ్రేడు; మొదటి అంకె చల్లగా ఉన్నప్పటిది, రెండోది వేడెక్కినప్పటిది. కంపెనీ పేరు చెప్పకపోవడానికి కారణం ఉంది. గ్రేడు, ప్రమాణం ఒకటే అయినప్పుడు పేరున్న కంపెనీల ఆయిళ్ల మధ్య నాకు పెద్ద తేడా కనిపించలేదు.

తేడా స్పష్టంగా తెలిసింది ఒక్కచోటే. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయం స్టార్ట్ చేసినప్పుడు మొదటి రెండు మూడు క్షణాలు వినిపించే టకటక చప్పుడు బాగా తగ్గింది. మైలేజీ పెరుగుతుందని, పికప్ మారిపోతుందని డబ్బా మీద రాసిన మాటలను మాత్రం నమ్మి కొనవద్దు. నాకైతే చెప్పుకోదగ్గ మార్పు రెండింటిలోనూ లేదు. ధర మామూలు ఆయిల్ కంటే బాగా ఎక్కువ కాబట్టి, ఈ ఒక్క లాభం కోసం అంత పెట్టాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. ఎండాకాలంలో బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని గంటల తరబడి పాకే బండికి అది దండగ కాదని నా అభిప్రాయం.

ఎప్పుడు మార్చాలన్న విషయంలో మాన్యువల్ చెప్పేది పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. చాలామంది మొదటి సగమే గుర్తుపెట్టుకుంటారు. ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నంతసేపు మీటరు కదలకపోయినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ అరుగుతూనే ఉంటుంది. అంతకంటే చెడ్డవి ఇంటి నుంచి బడికి, బడి నుంచి కూరగాయల మార్కెట్‌కు వేసే చిన్న తిరుగుళ్లు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేయడం వల్ల లోపల చేరిన నీటి ఆవిరి, పెట్రోలు తుంపరలు బయటికి పోయే వీలులేక ఆయిల్‌లోనే కలిసి దాన్ని పలుచన చేస్తాయి. అందుకే మా బండి ఏడాదిలో పది వేలు తిరగకపోయినా, సింథటిక్ కదా అని ఇంకొన్నాళ్లు లాగకుండా, ఏటా ఎండలు ముదరకముందే మార్పిస్తున్నాను. ఆయిల్ మట్టం చూసే గేజ్ (డిప్‌స్టిక్) తీసి చూసి నల్లబడింది కాబట్టి పాడైందనుకోవడం కూడా సరికాదు. లోపలి మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ చేయవలసిన పనుల్లో ఒకటి.

మన ఎండలకు పలుచటి ఆయిల్ ఆగదు, చిక్కటి 20డబ్ల్యూ-50 పోయించమని సలహా ఇచ్చే మేస్త్రులు ఇప్పటికీ ఉన్నారు. పాత అంబాసిడర్ల అనుభవంతో చెప్పే మాట అది. ఈ ఇంజన్‌లో వాల్వుల సమయాన్ని మార్చే వీవీటీ ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది, ఆయిల్ వెళ్లే దారులు సన్నగా ఉంటాయి. చిక్కటి ఆయిల్ స్టార్ట్ చేయగానే పైదాకా చేరడానికే ఆలస్యమవుతుంది. మాన్యువల్‌లోని గ్రేడ్ల పట్టిక దాటి పోవలసిన అవసరం నాకు ఏ వేసవిలోనూ రాలేదు.

ఒకసారి ఒక సర్వీస్ సెంటరులో బిల్లులో మూడున్నర లీటర్లు వేశారు. ఇంటికొచ్చి గేజ్ చూస్తే మట్టం పై గీతకు బాగా పైన ఉంది. ఈ ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల పైన కొద్దిగా సరిపోతుంది. ఎక్కువైతే తిరిగే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగకు ప్రెషర్ నిలవదు. అప్పటి నుంచి మూడున్నర లీటర్ల డబ్బా నేనే కొని, సీలు చూసుకుని, జవహర్ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లి పక్కనే నిలబడుతున్నాను. ఖాళీ డబ్బాకు అక్కడే చిల్లు పొడిపిస్తాను, నకిలీ ఆయిల్ నింపేవాళ్లకు అసలు డబ్బాలే కావాలి కదా!

పని అరగంటలో అయిపోతుంది. సమతలంగా ఉన్న చోట ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపి, గోరువెచ్చగా ఉండగా ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ కింది డ్రెయిన్ బోల్టు విప్పాలి. ధార ఆగి చుక్కలు పడటం మొదలైన తరువాత కూడా మా మేస్త్రి తొందరపడడు, టీ తాగి వస్తాడు. బోల్టుకు కొత్త వాషర్ వేయాలి. ఫిల్టర్ విప్పినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి, ఎందుకంటే దాని మీద కొత్త రింగు కూర్చుంటే ప్రెషర్ ఎక్కగానే ఆయిల్ చిమ్ముతుంది. కొత్త రింగుకు కొంచెం ఆయిల్ రాసి, ఫిల్టర్‌ను చేత్తోనే ఆనేదాకా తిప్పి, ఆ తరువాత ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. ముందుగా మూడు లీటర్లకు కాస్త తక్కువగా పోసి, ఒక నిమిషం నడిపి, డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు ఆరిందని చూసుకుని ఆపాలి. అయిదు నిమిషాలాగి గేజ్ చూస్తూ పై గీత దాటకుండా మిగతాది పోయాలి. డబ్బాలో మిగిలిన కొద్దిపాటి ఆయిల్ తరువాత మట్టం తగ్గితే పోసుకోవడానికి పనికొస్తుంది. మాకు దాని అవసరం అరుదుగానే పడుతోంది. తీసిన పాత ఆయిల్‌ను, రీసైక్లింగ్‌కు ఇచ్చే వర్క్‌షాపులోనే వదిలి రావాలి, కాలువలో పారబోయకూడదు.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్6 డీజిల్ బండ్లవారు ఈ సమీక్ష చూసి ఇదే ఆయిల్ కొనవద్దు. వాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ప్రమాణం సీ2 అని ఉందో సీ3 అని ఉందో చూసి, డబ్బా మీద అదే అక్షరం, అదే అంకె ఉన్నది తీసుకోవాలి.