ఆకాశపక్షులను చూడడానికి 8×42 బైనాక్యులర్ సరిపోతుందా?

మత్తయి 6:26లో ప్రభువు ‘ఆకాశపక్షులను చూడుడి’ అన్నాడు. అది ఆజ్ఞ. గ్రీకు మూలంలో ఆ మాటకు దృష్టి నిలిపి చూడడమని అర్థం. ఆ పని నిజంగా చేయాలనుకునేవారు 8×42 రూఫ్ ప్రిజం రకం (గొట్టాలు తిన్నగా ఉండేది) తీసుకోండి. 8 అంటే బొమ్మ ఎన్ని రెట్లు పెరుగుతుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మి.మీ.లలో. 10×42 వద్దు, జూమ్ రకం అసలే వద్దు.

కారణం చేతి వణుకు. బొమ్మ ఎన్ని రెట్లు పెరిగితే వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది, ఐదు నిమిషాలు ఒకే కొమ్మను చూడలేం. పైగా 42ను 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం 5.25 మి.మీ., 10×42లో 4.2 మాత్రమే. ఉదయ ప్రార్థన వేళ మసక వెలుతురులో ఆ తేడా బాగా తెలుస్తుంది.

చాలామంది సర్దుబాటు చేయకుండానే ‘మసకగా ఉంది’ అంటారు. ముందు రెండు గొట్టాలను మీ కళ్ల ఎడానికి తగ్గట్టు మడవండి. కుడికన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమకంటికి స్పష్టత తెచ్చుకోండి. తర్వాత ఎడమకన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి ఐపీస్ (కన్ను పెట్టి చూసే భాగం) దగ్గరి డయాప్టర్ రింగును కుడికంటికి స్పష్టత వచ్చేదాకా తిప్పండి. కళ్లద్దాలుంటే ఐపీస్ చుట్టూ ఉండే ఐకప్పులు లోపలికి దించాలి. ఐ రిలీఫ్, అంటే బొమ్మ మొత్తం కనబడేలా ఐపీస్‌కు కన్ను ఉండగల దూరం, 15 మి.మీ.కు తగ్గకూడదు.

ఇక పిచ్చుక గూటివైపు తిప్పండి. తల్లిదండ్రులు గింజలు తినేవే, పిల్లలకు మాత్రం పురుగులు తెస్తాయి. ముక్కున పురుగుతో వచ్చిన పక్షి నేరుగా లోపలికి పోదు. పక్క కొమ్మ మీద ఆగి, అటూ ఇటూ చూసి, అప్పుడు దూరుతుంది. బయటికి వచ్చేటప్పుడు ముక్కున తెల్లటి సంచిలాంటిది ఉంటుంది: పిల్లల రెట్ట. దూరంగా తీసుకెళ్లి పడేస్తుంది. అదే వచనం అన్నట్టు పరలోకపు తండ్రి వాటిని పోషిస్తున్నాడంటే మేత నోట్లో వచ్చి పడుతుందని కాదు. మేత ఆయన ఉంచాడు, వెతుకులాట పక్షిది. విశ్వాసమంటే చేతులు ముడుచుకోవడమని చెప్పేవారు ఒక్క పూట ఈ గూటిని చూడాలి.

కాకి దగ్గర చిక్కొకటుంది. లూకా 12:24 దానికి గరిసె లేదంటుంది, కానీ అది మిగిలిన మేతను ఆకు కింద దాచడం ఈ అద్దాల్లో స్పష్టంగా కనబడుతుంది. కంగారొద్దు, కొంచెం పైనున్న ఉపమానం చదవండి: కొట్లు విప్పి ఇంకా గొప్పవి కట్టి, అనేక సంవత్సరాలకు సరిపోతుందని నిశ్చింతపడిన ధనవంతుడు. ఆకు కింది ముక్క అలాంటి భరోసా కాదు.

లోపాలూ ఉన్నాయి. బరువు తరచూ 600 గ్రాములు దాటుతుంది, సన్నటి పట్టీ మెడ కోస్తుంది. భుజాల మీద పడే హార్నెస్ వాడండి, మోచేతులు ఛాతీకి ఆన్చండి. కింద పడితే లోపలి ప్రిజాలు పక్కకు జరిగి బొమ్మ రెండుగా కనిపిస్తుంది, తలనొప్పి వస్తుంది. అది ఇంట్లో బాగుచేసేది కాదు. తేమకు అద్దాల మీద బూజు పడుతుంది, సిలికా జెల్‌తో భద్రపరచండి. తుడిచేముందు దుమ్ము ఊదేయాలి, లేకపోతే గీతలు ఖాయం. అడవిపువ్వులనూ చూడాలంటే 2 మీటర్ల దగ్గర ఫోకస్ కుదురుతుందో లేదో కొనేముందే చూసుకోండి. సూర్యుడివైపు ఎప్పుడూ తిప్పకండి.

గూటికి ఎంత దూరంలో నిలబడాలో పక్షే చెబుతుంది. ముక్కున మేతతోనే అరుస్తూ లోపలికి వెళ్లకపోతే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టు. వెనక్కి జరగండి.