చనిపోయినవాళ్ల పండగకి మెక్సికో వెళ్తే: వాహాకానా, పాట్స్‌క్వారోనా?

పోయినవాళ్లు ఏడాదికోసారి ఇంటికొస్తారని నమ్మి వాళ్లకి పెట్టుకునే పండగ ఇది. నవంబరు 1, 2 తేదీలు చూసుకుని టికెట్లు కొనేవాళ్లకు ముందుగా ఒక మాట. ఆ రెండు రోజులకే వెళ్తే జనాన్ని చూసి వస్తారు, పండగను కాదు. పూలు దిగడం, రొట్టెలు కాలడం, పోయినవాళ్లకి ఇష్టమైనవి పెట్టే పీఠాలు ఇంటింటా లేవడం అంతా ముందు వారంలోనే. అక్టోబరు 27 కల్లా అక్కడ ఉండేలా చూసుకోండి. డాలస్ నుంచి మేము ఒక ఏడాది మెక్సికో దక్షిణాన ఉన్న వాహాకాకీ, మరో ఏడాది పడమటి కొండల్లోని పాట్స్‌క్వారోకీ వెళ్లాం. రెండోసారి మా అత్తగారూ వచ్చారు. మనది భారత పాస్‌పోర్టే అయినా, గడువున్న అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు.

మెక్సికో సిటీ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అక్కడి పెద్ద ఊరేగింపు తాతల కాలం నాటిదేమీ కాదు. 2015లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమాలో అలాంటి దృశ్యం పెడితే, మరుసటి ఏడాది నగరం దాన్ని నిజం చేసింది. రంగులు బాగుంటాయి, నిలబడటానికి చోటు దొరకదు. ఆ సమయాన్ని అలమేదా పార్కు పక్కనున్న దియేగో రివేరా కుడ్యచిత్రం మ్యూజియంలో గడపడం మేలు. పెద్ద టోపీ పెట్టుకున్న అస్థిపంజరం దొరసానిని, అంటే కత్రినాను, ఇప్పుడు ప్రతి కీచైను మీదా చూస్తున్నాం కదా. ఆ తలని మొదట చెక్కింది పోసాదా అనే ముద్రణ కళాకారుడు, దొరల్ని అనుకరించే వాళ్లని వెక్కిరించడానికి. ఆయన 1913లో పోయాడు. 1947లో రివేరా ఆ తలకి ఒళ్లూ, గౌనూ ఇచ్చి, పక్కనే పోసాదానీ నిలబెట్టి గోడంతా గీశాడు. 1985 భూకంపంలో ఆ గోడ ఉన్న హోటల్ దెబ్బతింటే, చిత్రాన్ని తరలించి దానికోసమే ఈ మ్యూజియం కట్టారు. బజార్లో బొమ్మలు కొనేముందు దీన్ని చూస్తే దేన్ని కొంటున్నామో తెలుస్తుంది.

మెక్సికో సిటీ నుంచి వాహాకాకి బస్సులో ఆరేడు గంటలు పడుతుంది. దిగిన మర్నాడు పొద్దున్నే అబాస్తోస్ మార్కెట్‌కి వెళ్లండి. లారీల కొద్దీ బంతిపూలు, వాటి పక్కనే ముదురు ఎరుపు సీతజడ పూలు. బతుకమ్మ పేర్చే చేతులకి ఆ రెండూ కొత్తేం కావు. బంతి అసలు పుట్టిల్లు మెక్సికోయే, మన దాకా వచ్చింది అక్కణ్నుంచే. పీఠానికి కమానుగా కట్టే చెరుకు గడలు, ధూపానికి కోపల్ జిగురు, చిల్లుల బొమ్మలు కత్తిరించిన రంగు కాగితాలు అన్నీ అక్కడే దొరుకుతాయి. ఆ కాగితాల పనికి పేరున్న ఊరు ప్యూబ్లా రాష్ట్రంలోని విష్‌కొలోత్లా. పల్చటి కాగితాలు దొంతరగా పెట్టి, ఉలి మీద సుత్తితో కొడుతూ ఒక్కసారే కోస్తారు. బజార్లో చాలావరకు ప్లాస్టిక్‌వీ వస్తున్నాయి. ముట్టుకుని చూసి కొనండి.

వాహాకా పండగ రొట్టెలో పిండితో చేసి రంగులేసిన చిన్న ముఖం ఒకటి గుచ్చి ఉంటుంది. మీనా వీధిలో చాకొలెట్ మరలున్నాయి. కోకో గింజలు, దాల్చినచెక్క, చక్కెర మన కళ్ల ముందే రుబ్బి ఇస్తారు. వీధి మొదట్లోనే ఆ వాసన పట్టేస్తుంది. నాకు ఊరంతటిలో నచ్చింది ఆ వీధే.

చేతిపనుల కోసం ఊళ్లకి వెళ్లాలంటే షేర్ టాక్సీలు చవక. దక్షిణం దారిలో సాన్ బార్తొలో కొయొతెపెక్, ఇంకాస్త ముందుకి సాన్ మార్తిన్ తిల్కాహెతే. మొదటిది నల్ల మట్టిపాత్రల ఊరు. కాల్చక ముందే నున్నటి రాయితో రుద్ది, గాలి చొరకుండా మూసిన ఆవంలో కాలిస్తే ఆ నలుపూ, మెరుపూ వస్తాయి. మెరిసే కూజాలో నీళ్లు పోస్తే మాత్రం ఊరతాయి, అందుకే అలంకారానికే కొనండి. రెండో ఊళ్లో కోపల్ చెక్కతో జంతువుల్ని చెక్కి, వెంట్రుకంత కుంచెతో చుక్కలు పెడతారు. చిన్న కుందేలుకే రోజుల తరబడి పని. బేరం ఆడబుద్ధి కాలేదు. అలెబ్రిహే అనే ఈ వింత జంతువుల్ని చనిపోయినవాళ్ల పండగకి ముడిపెట్టింది కూడా సినిమాలే. 1930లలో పేద్రో లినారెస్ అనే మెక్సికో సిటీ కళాకారుడు జ్వరంలో వచ్చిన కలలో చూసి, వాటిని కాగితం గుజ్జుతో చేశాడు. తర్వాత వాహాకాలో చెక్కలోకి మారాయి. నిజంగా పండగ వస్తువే కావాలంటే తెయొతిత్లాన్ దెల్ వయే వెళ్లి, మైనంతో పూలు పోతపోసి అతికించిన కొవ్వొత్తులు చూడండి. తివాచీల నేతకి పేరున్న ఆ ఊళ్లో టూరిస్టులు వీటిని పట్టించుకోరు. నన్నడిగితే వాహాకా లోయ మొత్తంలో ఇదే గొప్ప పని.

బస గురించి. ఆ వారం గదుల అద్దెలు రెండింతలు, మూడింతలు అవుతాయి, ఆరు నెలల ముందే పట్టుకోవాలి. హలత్లాకో పేట అందంగా ఉంటుంది, గోడలన్నీ బొమ్మలే. కానీ బాకాలూ డోళ్లూ వాయించుకుంటూ తెల్లవార్లూ కొంపార్సా ఊరేగింపులు పోతూనే ఉంటాయి, చెవుల్లో దూది తప్పదు. మేమున్న చోట పొద్దున ఏడు తర్వాత వేడినీళ్లు రాలేదు. ఇంటావిడ పెరట్లో కట్టిన పీఠం చూపించి, వాళ్ల నాన్నకి ఇష్టమైన బీరు సీసా ఎందుకు పెట్టిందో చెప్పాక ఆ ఫిర్యాదు చేయబుద్ధి కాలేదు. పెద్ద హోటళ్లలోనూ పీఠాలుంటాయి గానీ ఫొటోలకే.

శాకాహారులు జాగ్రత్త. త్లయూదా అనే పెద్ద రొట్టె మీద పంది కొవ్వు పూస్తారు. ‘సిన్ అసియెంతో’ అని చెప్తే పూయకుండా ఇస్తారు. బీన్స్‌లోనూ కొవ్వు ఉండొచ్చు, అడగండి. మోలే అనే చిక్కటి మసాలా పులుసులో కోడి రసం ఉంటుంది. గుమ్మడి పూలు, చీజ్ పెట్టిన కెసదియా అనే మడత రొట్టె దొరికితే కడుపు నిండినట్టే.

ఇక శ్మశానాలు. పండగ రాత్రుల్లో కుటుంబాలు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి జాగారం చేస్తాయి. అక్టోబరు 31 రాత్రి అందరూ వాహాకా పక్కనున్న షోషోకొత్లాన్‌కి పోతారు. ఊళ్లో అమ్మే వ్యాను టూర్లు కూడా అక్కడికే. ఒకటి ఎక్కాం. మెస్కాల్ అనే సారా గ్లాసు చేతిలో పెట్టి, మొహానికి రంగేసి, సమాధుల మధ్య గంటన్నర తిప్పి లాక్కొచ్చారు. డబ్బు దండగ. అదే రాత్రి సాంతా మరియా అత్సోంపాలో కొవ్వొత్తుల వెలుగు తప్ప హడావుడి తక్కువ. టాక్సీని రానూపోనూ మాట్లాడుకుని వెళ్లండి. ఫ్లాష్ వద్దు, మొహాన రంగు వద్దు, చేతిలో ఒక కొవ్వొత్తో పూలగుత్తో ఉంటే మంచిది.

పాట్స్‌క్వారో లెక్క వేరు. అది మిచోవకాన్ రాష్ట్రం. అక్కడికి వెళ్లొద్దని అమెరికా ప్రభుత్వం ఏళ్లుగా హెచ్చరిస్తోంది, అది తెలిసే నిర్ణయించుకోండి. మేము రాష్ట్ర రాజధాని మొరేలియా నుంచి పగటిపూటే ప్రయాణం చేశాం, రాత్రిళ్లు ఊళ్లు మారలేదు. రెండు వేల మీటర్ల పైన ఎత్తు, చలి గట్టిగా ఉంటుంది. శాలువాలు సరిపోక అక్కడే ఉన్ని దుప్పట్లు కొన్నాం. పెద్ద చౌకులో పండగ రోజుల్లో చేతివృత్తుల సంత పెడతారు. కపూలా నుంచి మట్టి కత్రినాలు, సాంతా క్లారా నుంచి రాగి పాత్రలు, అక్కడి ఆదివాసులైన పురేపెచా వాళ్ల ఊళ్ల కుండలు ఒక్కచోటే ఉంటాయి. వాహాకాలో మూడు ఊళ్లు తిరిగితే గానీ చూడలేనన్ని పనులు ఇక్కడ ఒక పూటలో చూడొచ్చు. చేసినవాళ్లే కూర్చుని అమ్ముతారు.

పాట్స్‌క్వారో సరస్సు మధ్యలోని హనీత్సియో దీవికి నవంబరు 1 రాత్రి పడవలు కిక్కిరిసి పోతాయి. మేము వెళ్లలేదు. సరస్సు ఒడ్డునున్న త్సిన్‌త్సున్‌త్సాన్ ఊరికి వెళ్లాం. అక్కడి శ్మశానంలో రోడ్డుకి అటూ ఇటూ సమాధులే. అక్కడా జనం ఉన్నారు గానీ స్థలం పెద్దది కాబట్టి పక్కకి జరగొచ్చు. ఒక కుటుంబం మాకూ రొట్టె ఇవ్వబోతే నేను మొహమాటపడ్డాను. “పెద్దలకు పెట్టింది వద్దనకూడదమ్మాయ్” అని అత్తగారు అందుకున్నారు. మా ఇంట్లో పెద్దల అమావాస్యకి ఆవిడ చేసే హడావుడి తెలిసినదాన్ని, ఇంకేం మాట్లాడతాను! భాష రాకపోయినా ఆ ఇంటి పెద్దావిడ, మా అత్తగారు అరగంట కూర్చున్నారు.

మొదటిసారైతే, పిల్లలుంటే, వాహాకాకే వెళ్లండి. తిండి, బస, దారులు అన్నీ సులువు. పెద్దవాళ్లతో రాత్రి జాగారం చూడాలనుకుంటే, చలికీ హెచ్చరికలకీ సిద్ధపడితే పాట్స్‌క్వారో. రెండూ ఒకే పండగలో ఇరికించొద్దు, మధ్య దారంతా బస్సుల్లోనే గడిచిపోతుంది.

కొన్నవి మోసుకురావడం గురించి చివరి మాట. చెక్క బొమ్మల తోకలు, చెవులు ఊడదీసి పెట్టుకునేలానే చేస్తారు, విడిగా చుట్టండి. నల్ల మట్టివి చేతి సంచిలోనే. పూలు, గింజలు ఉంటే అమెరికా కస్టమ్స్ వాళ్లకి చెప్పి తీరాలి. పీఠాల మీద పెట్టే చక్కెర పుర్రెలు తేమకి నీరుకారిపోతాయి. మీ పేరు రాయించుకుని అక్కడే పిల్లలకి పెట్టేయండి.